పాకంలోనే బరువంతా!

వంకాయను కోసి చూస్తాం, పుచ్చు ఉందేమోనని. కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూస్తాం, నీళ్లున్నాయో లేవోనని. కోడిగుడ్డును నీళ్లలో వేసి చూస్తాం, మునిగిందా తేలిందా అని. ఒక వస్తువు లోపల ఏముందో తెలుసుకోవడం మనకు కొత్త కాదు. వంటింట్లో రోజూ చేసే పనే. రోజూ చేసేది కాబట్టే దాన్ని మనం శాస్త్రం అనుకోం.

మరి కంటికి కనపడని, కత్తికి తెగని వస్తువు లోపల ఏముందో చూడాలంటే ఎలా? అదీ ఎంత చిన్నదంటే, ఒక తలవెంట్రుక మందాన్ని నింపడానికి వాటిని పక్కపక్కనే పేర్చుకుంటూ పోతే సుమారు 6 వేల కోట్లు పడతాయి. ఆ వస్తువు పేరు ప్రోటాన్. హైస్కూల్లో మనమంతా చదువుకున్నదే. పరమాణువు మధ్యలో కేంద్రకం, అందులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు, చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్లు అని వల్లెవేసి, పరీక్ష రాసి, ఆ తర్వాత పప్పుల డబ్బాల మధ్య ఆ సంగతే మరిచిపోయాం. కానీ ఆ డబ్బాల్లో ఉన్న పప్పులోనూ, తాగే నీళ్లలోనూ, చంకనెక్కిన పిల్లాడిలోనూ ఉన్నవి అవే.

ఆ ప్రోటాన్ లోపల ఏముంది? ఎవరు చూశారు? ఎలా చూశారు? అందులో మన హైదరాబాద్ చేతి పని కూడా ఉందంటే నమ్ముతారా?

‘గది సదివి ఏం జేస్తది?’

నేను చదివింది బి.ఏ. ఇంటిపని చేసుకుంటూ, తీరిక దొరికితే కథలు రాసుకుంటూ ఉండేదాన్ని. ఈ ప్రోటాన్ నా జోలికి వచ్చింది మా ఆడబిడ్డ కూతురి వల్ల.

వాళ్లది బోధన్ దగ్గర పల్లె. చెరకు, వరి, కొద్దిగా పసుపు. పిల్ల నిజామాబాద్‌లో మా ఇంట్లోనే ఉండి బి.ఎస్సీ. పూర్తి చేసింది. హైదరాబాద్‌లో ఎం.ఎస్సీ. ఫిజిక్స్ సీటు వచ్చింది. ఇంట్లో సంతోషం కన్నా ముందు ప్రశ్న పుట్టింది. “గది సదివి ఏం జేస్తది వదినె? బి.ఇడి. చేస్తే టీచరన్న అయితది. ఇంజనీరింగ్ అయితే గదో తీరు. ఈ ప్రోటాన్లు, గీటాన్లు ఎవలికి గావాలె?” అంది మా ఆడబిడ్డ.

ఆమెను తప్పుపట్టలేను. హాస్టల్ ఖర్చు, పెళ్లి వయసు, ఊళ్లో నలుగురి మాట అన్నీ ఆమె నెత్తి మీదే ఉన్నాయి. పిల్లేమో నా కొంగు పట్టుకుంది. “అత్తమ్మా, ప్రోటాన్ లోపలి సంగతి ఇంకా పూర్తిగా తేలలేదు. నాకు గదే చదవాలనుంది. నువ్వే అమ్మకు చెప్పాలె” అంది.

చెప్పాలంటే ముందు నాకు తెలియాలి కదా! ఆ వేసవి అంతా దాని పుస్తకాలు నేనూ ముందేసుకుని కూచున్నాను. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక అది పాఠం చెప్పేది, నేను వినేదాన్ని. అర్థం కాకపోతే మన భాషలో చెప్పమనేదాన్ని. అలా నా భాషలోకి వచ్చినదే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

బస్తా విప్పకుండా

రైసుమిల్లు దగ్గర బియ్యం కొనేవాళ్లను చూశారా? కుట్టిన బస్తాను విప్పరు. మొన తేలిన ఇనుప గొట్టం ఒకటి బస్తాలోకి గుచ్చి తీస్తారు. గొట్టంలోకి వచ్చిన గింజలను అరచేతిలో పోసుకుని, ఇందులో నూక ఎంత, రాయి ఎంత అని చెప్పేస్తారు.

ప్రోటాన్‌ను చూడటమూ అలాంటిదే. అక్కడ గుచ్చే గొట్టం ఎలక్ట్రాన్. దాన్ని మహా వేగంతో తోసి ప్రోటాన్ మీదికి పంపుతారు. అది ఏ కోణంలో మళ్లింది, ఎంత శక్తి పోగొట్టుకుంది అని కొలిస్తే లోపల దానికి ఏం తగిలిందో తెలుస్తుంది. వేగం పెరిగినకొద్దీ గొట్టం మొన సన్నబడినట్టు లెక్క. నెమ్మదిగా పోయే ఎలక్ట్రాన్ గరిటె లాంటిది, దానికి సన్నటి వివరం అందదు. ఎక్కువ శక్తితో పోయేది సూది లాంటిది. అందుకే శాస్త్రజ్ఞులు ఇంకా పెద్ద యంత్రం కావాలని అడుగుతూనే ఉంటారు. అది ఆడంబరం కాదు, సూది మొన కోసం.

1950లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ హాఫ్‌స్టాటర్ ఇలా ఎలక్ట్రాన్లను పంపి, ప్రోటాన్ ఒక చుక్క కాదు, దానికంటూ ఒక పరిమాణం ఉందని చూపించాడు. 1961లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. పరిమాణం ఉందంటే లోపల ఏదో ఉండాలి కదా!

అదే ఊళ్లో 3 కిలోమీటర్ల పొడవున ఇంకో యంత్రం కట్టారు. 1967 నుంచి అక్కడ ఫ్రీడ్‌మన్, కెండాల్, టేలర్ అనే ముగ్గురి బృందం మరింత వేగంగా ఎలక్ట్రాన్లను పంపింది. ప్రోటాన్ మెత్తటి పిండిముద్ద లాంటిదైతే ఎలక్ట్రాన్లు కాస్త పక్కకు జరిగి దూసుకుపోవాలి. కానీ అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ ఎలక్ట్రాన్లు బాగా పక్కకు మళ్లాయి. మెత్తటి పిండిలో వేలు పెడితే లోపల గట్టి పలుకులు తగిలినట్టయింది. ఆ ముగ్గురికీ 1990లో నోబెల్ ఇచ్చారు.

ఆ పలుకుల పేరు క్వార్కులు. ప్రయోగంలో తగలక ముందే, 1964లోనే, అలాంటివి ఉండాలని ముర్రే గెల్‌మన్, జార్జ్ జ్వైగ్ ఎవరికి వారుగా ఊహించారు. కథలు రాసేదాన్ని కాబట్టి నాకొక సంగతి భలే నచ్చింది. క్వార్క్ అన్న పేరును గెల్‌మన్ తీసుకున్నది జేమ్స్ జాయిస్ నవల ‘ఫినెగన్స్ వేక్’ నుంచి. లోకంలో ప్రతి వస్తువులోనూ ఉన్నదానికి పేరు పెట్టాల్సి వస్తే, ఫిజిక్స్ ఆయన ఒక నవల తెరిచాడన్నమాట!

లడ్డూలో ముగ్గురు

ప్రోటాన్‌లో ముఖ్యమైన క్వార్కులు మూడు. రెండు ఒక రకం, ఒకటి ఇంకో రకం. వాటిని పట్టి ఉంచేవి గ్లూవాన్లు. ఇంగ్లీషులో జిగురు అనే మాట నుంచి వచ్చిన పేరు. మన భాషలో జిగురు కన్నా పాకం అంటే ఇంకా బాగా కుదురుతుంది.

బూందీ లడ్డూ ఒకటి ఊహించుకోండి. అందులో మూడు జీడిపప్పులు. అవి ఆ మూడు క్వార్కులు. బూందీ ఏమో, ఎప్పటికప్పుడు జంటలుగా పుట్టి క్షణంలో మాయమయ్యే చిల్లర క్వార్కులు. వాటి గుంపును శాస్త్రజ్ఞులు సముద్రం అంటారు. మొత్తాన్నీ పట్టి ఉంచే పాకం గ్లూవాన్లు.

ఈ పాకానికి ఒక వింత గుణం ఉంది. చిన్నపిల్లలు ఇంట్లో తల్లి పక్కనే ఉన్నంతసేపూ ఆమెను పట్టించుకోరు, వాళ్ల ఆట వాళ్లదే. తల్లి చెప్పులు వేసుకుని గడప దాటబోతే చాలు, పరుగెత్తుకొచ్చి కొంగు పట్టుకుంటారు. క్వార్కులూ అంతే. దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు స్వేచ్ఛగా తిరుగుతాయి. దూరం జరిగితే లాగుడు మొదలవుతుంది. ఈ గుణాన్ని 1973లో లెక్కలు కట్టి తేల్చిన గ్రాస్, విల్‌జెక్, పొలిట్జర్‌లకు 2004లో నోబెల్ వచ్చింది.

ఇంకా బలంగా లాగితే? తీగపాకం రెండు వేళ్ల మధ్య సాగినట్టు సాగి తెగుతుంది. అయినా క్వార్కు ఒంటరిగా బయటికి రాదు. లాగడానికి పెట్టిన శక్తే కొత్త క్వార్కుల జంటగా మారి, తెగిన రెండు కొసలకూ అతుక్కుంటుంది. అందుకే ఒంటరి క్వార్కును ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు. యంత్రాల్లో కనిపించేది, ఒకే దిక్కుకు చిమ్మిన కణాల ధార మాత్రమే. ఆ ధారను చూసి, దీని మొదట్లో ఒక క్వార్కు ఉండి ఉంటుందని పోల్చుకుంటారు.

పాకం నిజంగా ఉందని కళ్లకు కట్టినవాళ్లలో ఒక స్త్రీ ఉంది. పేరు సౌ లాన్ వూ. హాంకాంగ్‌లో పేదరికంలో పెరిగి, స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లి చదువుకున్నారు. 1979లో జర్మనీలోని హాంబర్గ్‌లో ఎలక్ట్రాన్లను, పాజిట్రాన్లను ఢీకొట్టిస్తున్నారు. రెండు క్వార్కులు పుడితే రెండు ధారలు రావాలి. అక్కడ మూడు ధారలు కనిపించాయి. ఆ మూడోది గ్లూవాన్‌ది. ఆ మూడు ధారల గుర్తును వెతికి పట్టుకోవడంలో ముందున్నవారు ఈమె.

తూకం కుదరని లెక్క

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఆ రోజు నేను బోధన్ వెళ్లి మా ఆడబిడ్డకు చెప్పింది ఇదే. ఆమె నిజంగానే లడ్డూలు చుడుతోంది.

“ఆ మూడు జీడిపప్పులు తూకం వేస్తే ఎంతుంటయ్ చెల్లె?” అన్నాను.

“ఏముంటయ్, లడ్డూల సగం గూడ ఉండవు” అంది.

ప్రోటాన్ సంగతి ఏమిటంటే, ఆ మూడు క్వార్కుల సొంత బరువు కలిపితే మొత్తం ప్రోటాన్ బరువులో నూటికి ఒక్క పాలు మాత్రమే! పాకం బరువు కదా మిగిలింది అంటారేమో. గ్లూవాన్‌కు సొంత బరువే లేదు, సున్నా. అంటే జీడిపప్పు ఒక గ్రాము, పాకం సున్నా గ్రాములు, చుట్టిన లడ్డూ మాత్రం వంద గ్రాములు. మన కిరాణా కొట్టులో ఎవరైనా ఇలా తూచి ఇస్తే ఊరుకుంటామా?

కానీ ప్రకృతి తూకంలో మోసం లేదు. లోపల క్వార్కులు క్షణం ఆగకుండా, దాదాపు కాంతి వేగంతో తిరుగుతుంటాయి. గ్లూవాన్లు వాటిని విడిపోకుండా పట్టి ఉంచుతుంటాయి. ఆ కదలికలో, ఆ పట్టులో ఉన్న శక్తే బరువుగా తూగుతుంది. శక్తీ ద్రవ్యరాశీ ఒకటేనని ఐన్‌స్టీన్ 1905లో చెప్పిన మాట మన ఒంట్లోనే నిజమవుతోంది. 55 కిలోల మనిషిలో క్వార్కుల సొంత బరువు అరకిలో చిల్లర. మిగిలిన 54 కిలోల పైచిలుకు, ఆగకుండా జరుగుతున్న పనిదీ, పట్టి ఉంచే పట్టుదీ.

మా ఆడబిడ్డ చుడుతున్న లడ్డూను పళ్లెంలో పెట్టి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది: “ఇల్లు గూడ గంతే గద వదినె. సామాను లెక్కవెడితె ఏముంటది? పట్టుకోని ఉన్నోళ్లదే బరువంత. గది ఏ తూకంలకు రాదు.”

నేను పుస్తకాల్లో మూడు నెలలు చదివినదాన్ని ఆమె ఒక్క మాటలో అందుకుంది. జనాభా లెక్కల్లో మనల్ని పని చేయనివాళ్ల జాబితాలో రాసుకుపోయినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

నిజామాబాద్ నుంచి బోధన్ అంత చుట్టు

సూదితో గుచ్చి చూడటం అయింది. రెండు లడ్డూలను ఒకదానికొకటి విసిరికొడితే? ఇప్పుడు ప్రపంచంలో అతి పెద్ద యంత్రం చేస్తున్న పని ఇదే. స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సరిహద్దులో, జెనీవా దగ్గర సెర్న్ అనే ప్రయోగశాల ఉంది. అక్కడ భూమికి సుమారు 100 మీటర్ల లోతున గుండ్రటి సొరంగం. దాని చుట్టుకొలత 27 కిలోమీటర్లు. మనకు తెలిసిన దూరంలో చెప్పాలంటే నిజామాబాద్ నుంచి బోధన్ దాకా దాదాపు అంతే. ఆ దూరాన్ని మన బస్సు ఆగుతూ, ఎక్కించుకుంటూ పోయేసరికి ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు. అక్కడి ప్రోటాన్ ఒక్క సెకనులో 11 వేలకు పైగా చుట్లు తిరిగివస్తుంది.

ప్రోటాన్లను గుంపులుగా తిప్పుతారు. ఒక్కో గుంపులో 10 వేల కోట్లకు పైగా ఉంటాయి. ఎదురెదురుగా వచ్చిన రెండు గుంపులు దాటుకున్నప్పుడు నిజంగా ఢీకొనేవి కొన్ని పదులు మాత్రమే. మిగిలినవన్నీ జాతరలో జనంలా ఒకరినొకరు తాకకుండా వెళ్లిపోతాయి. ఢీకొన్నప్పుడు కూడా లడ్డూ మొత్తం లడ్డూకు తగలదు. ఇందులోని ఒక పలుకు అందులోని ఒక పలుకుకు తగులుతుంది. తగిలింది ఏ పలుకు, దాని వాటాకు ఎంత వేగం వచ్చింది అని తెలియాలంటే లడ్డూ లోపలి పటం ముందే చేతిలో ఉండాలి.

ఆ పటంలో ఎక్కువ భాగం గీసింది హాంబర్గ్‌లోని హేరా అనే యంత్రం. 1992 నుంచి 2007 దాకా అది ఎలక్ట్రాన్లను ప్రోటాన్లతో ఢీకొట్టించింది. అక్కడ తెలిసిన వింత ఏమిటంటే, సన్నగా చూసినకొద్దీ గ్లూవాన్ల గుంపు పెరిగిపోతూ ఉంది. దూరం నుంచి చూస్తే బతుకమ్మ చుట్టూ నలుగురే ఉన్నట్టుంటుంది, దగ్గరికి పోతే వాడంతా అక్కడే ఉంటుంది కదా, అలా.

2012 జూలై 4న లోకమంతా చెప్పుకున్న హిగ్స్ కణం సెర్న్‌లో దొరికింది కూడా ఈ పాకం వల్లే. ఆ యంత్రంలో హిగ్స్ కణం ఎక్కువసార్లు పుట్టేది రెండు గ్లూవాన్లు ఎదురుపడినప్పుడే.

మన హైదరాబాద్ కాపలా

ఇక మన ఇంటి సంగతి. 2019 లోక్‌సభ ఎన్నికలు నిజామాబాద్‌లో ఎవరు మరిచిపోతారు? పసుపు, ఎర్రజొన్న రైతులు గిట్టుబాటు ధర కోసం నామినేషన్లు వేస్తే అభ్యర్థులు 185 మంది అయ్యారు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 యంత్రాలు వరసగా పెట్టారు. పేరు వెతుక్కుంటూ ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ యంత్రాలు పంపింది హైదరాబాద్‌లోని ఇ.సి.ఐ.ఎల్. మనకన్నా పెద్దవాళ్లకు ఆ పేరు ఇంకోలా గుర్తుంటుంది. వాళ్లింట్లోని ఇ.సి. టీవీ ఆ సంస్థదే.

ఆ సంస్థను 1967లో నిలబెట్టినవారు అయ్యగారి సాంబశివరావు. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో పుట్టి, కాశీలోనూ, స్టాన్‌ఫర్డ్‌లోనూ చదువుకున్నారు. హైదరాబాద్‌లో ఎ.ఎస్.రావు నగర్ అంటే బంధువుల ఇల్లో, షాపింగో గుర్తొస్తుంది మనకు. ఆ పేరు ఆయనదే.

సెర్న్ సొరంగంలో ప్రోటాన్లను గుండ్రంగా తిప్పడానికి 1,232 పెద్ద అయస్కాంతాలు ఉన్నాయి. ఒక్కోటి సుమారు 15 మీటర్ల పొడవు, 35 టన్నుల బరువు. వాటి తీగల్లో 11 వేల ఆంపియర్లకు పైగా కరెంటు పోతుంది. మన గీజరు ప్లగ్గు 16 ఆంపియర్లదని గుర్తుంచుకుంటే ఆ కరెంటు ఎంతో తెలుస్తుంది. మామూలు తీగైతే ఇస్త్రీపెట్టె తీగలా కాలి కరిగిపోవాలి. అందుకే ఆ అయస్కాంతాలను సున్నాకు 271 డిగ్రీల దిగువకు చల్లబరుస్తారు. అంత చలిలో ఆ తీగకు కరెంటును అడ్డుకునే గుణమే పోతుంది, వేడే పుట్టదు.

ప్రమాదం ఎక్కడంటే, తీగలో ఎక్కడో ఒక చిన్న ముక్క కాస్త వేడెక్కితే చాలు. ఆ ముక్క మళ్లీ మామూలు తీగై కూచుంటుంది. అయస్కాంతంలోని శక్తంతా ఆ ఒక్కచోటే వేడిగా దిగి, దాన్ని కరిగించేస్తుంది. చెరకు రసం కాగే పెద్ద పెనం కింద మంట ఒక్కచోటే పడితే అక్కడ రసం మాడి, పెనం చెడుతుంది. మంటను పెనమంతా సర్దితే ఏమీ కాదు. ఇది మన చెరకు పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు.

సెర్న్ వాళ్లు చేసిందీ అదే. అయస్కాంతం పొడవునా సన్నటి వేడిపట్టీలు పరిచారు. ఎక్కడైనా ఒకచోట వేడి పుట్టిందని తెలిసిన వెంటనే, కన్ను మూసి తెరిచేలోగా, ఆ పట్టీల్లోకి కరెంటు వదిలి అయస్కాంతమంతటినీ కావాలనే వేడెక్కిస్తారు. అప్పుడు శక్తి ఒక్కచోట పడకుండా అంతటా సర్దుకుంటుంది. అలా కరెంటు వదలడానికి 900 వోల్టుల దగ్గర సిద్ధంగా ఉండే పెట్టెలు కావాలి. మన ఫ్యాన్‌లో కండెన్సర్ పోయిందంటామే, ఆ జాతి కండెన్సర్లే, చాలా పెద్దవి, వాటిలో ఉంటాయి. ఒక్కో పెద్ద అయస్కాంతానికి అలాంటి పెట్టెలు నాలుగు. ఆ సొరంగంలోని ఈ పెట్టెల్లో 5 వేలకు పైగా తయారై వెళ్లింది మన ఇ.సి.ఐ.ఎల్. నుంచే!

భారతదేశం ఇచ్చింది ఇదొక్కటే కాదు. అయస్కాంతాలను వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబెట్టే 7 వేల జాకీలు, వాటి అయస్కాంత క్షేత్రంలోని తేడాలను సరిదిద్దే చిన్న అయస్కాంతాలు వెయ్యికి పైగా వెళ్లాయి. 2017లో మన దేశం సెర్న్‌లో అనుబంధ సభ్యురాలైంది.

కాపలా ఎంత ముఖ్యమో 2008 సెప్టెంబరు 19న తెలిసింది. యంత్రం మొదలుపెట్టిన తొమ్మిదో రోజున, రెండు అయస్కాంతాల మధ్య ఉన్న ఒక అతుకు సరిగా లేక కరిగింది. చల్లబరిచే హీలియం టన్నుల కొద్దీ బయటికి చిమ్మింది. 53 అయస్కాంతాలను పైకి తెచ్చి బాగుచేయాల్సి వచ్చింది. మళ్లీ ప్రోటాన్లు తిరిగేసరికి ఏడాదికి పైగా పట్టింది. ఒక్క అతుకు!

ఇంకా తేలనివి

మా పిల్ల చెప్పినట్టు ఇంకా తేలనివి చాలా ఉన్నాయి. ప్రోటాన్‌కు బొంగరం లాంటి ఒక తిరుగుడు గుణం ఉంది. అది మూడు క్వార్కుల నుంచే వస్తుందని అందరూ అనుకున్నారు. 1987లో సెర్న్‌లో కొలిస్తే వాటి వాటా చాలా తక్కువని తేలింది. ఇప్పటి లెక్క ప్రకారం అది మూడో వంతు కూడా లేదు. మిగిలింది గ్లూవాన్లలో ఎంత, లోపలి చుట్టుతిరుగుడులో ఎంత అన్నది ఇంకా పంచుకోవాల్సిన లెక్క.

2022లో ఒక పరిశోధక బృందం ఇంకో వింత చెప్పింది. ప్రోటాన్‌లో చార్మ్ అనే బరువైన క్వార్కు ఛాయలు కనిపిస్తున్నాయట. ఆ క్వార్కు ప్రోటాన్ కన్నా బరువైనది! బూరె కన్నా అందులోని పూర్ణం బరువుందన్నట్టు. అది పూర్తిగా రుజువు కావాల్సి ఉంది. ఇలాంటివి తేల్చడానికే అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో ఎలక్ట్రాన్లను ప్రోటాన్లతోనూ, పెద్ద కేంద్రకాలతోనూ ఢీకొట్టించే కొత్త యంత్రం కట్టాలని 2020లో నిర్ణయించారు.

ఈ పనిలో ఆడవాళ్లు ఎక్కడున్నారని మీరడగొచ్చు. సెర్న్‌కు 2016 నుంచి 2025 దాకా అధిపతిగా ఉన్నది ఫాబియోలా జియానొటి అనే ఇటలీ శాస్త్రవేత్త. ఆ పదవిలో కూచున్న మొదటి స్త్రీ ఆమె. మన దేశంలో రోహిణీ గోడ్‌బోలే ఉన్నారు. పుణెలో పుట్టి, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పనిచేశారు. ప్రోటాన్‌లోనే కాదు, కాంతి కణంలో కూడా మహా వేగంలో క్వార్కులు, గ్లూవాన్లు ఎలా కనిపిస్తాయో లెక్కలు కట్టారు. మన దేశపు మహిళా శాస్త్రవేత్తల కథలను ‘లీలావతీస్ డాటర్స్’ అనే పుస్తకంగా 2008లో రామ్ రామస్వామితో కలిసి తెచ్చారు. 2019లో పద్మశ్రీ అందుకున్నారు, 2024 అక్టోబరులో కన్నుమూశారు. ఆ పుస్తకం మీ ఊరి లైబ్రరీలో లేకపోతే తెప్పించమని అడగండి. ఇంగ్లీషు చదవగలిగే ఆడపిల్ల ఇంట్లో ఉంటే ఇంకా మంచిది.

మరి లాభం?

ప్రోటాన్లను తిప్పడం నేర్చుకున్నందువల్లే వాటితో క్యాన్సర్ గడ్డకు చికిత్స చేయగలుగుతున్నారు. పక్కనున్న మంచి కండను తక్కువగా కాల్చి, గడ్డ దగ్గరే ఆగేలా ప్రోటాన్లను పంపుతారు. అలాంటి ఆసుపత్రి 2019లో చెన్నైలో వచ్చింది. మనం ఫోనులో చూస్తున్న వెబ్ 1989లో సెర్న్‌లోనే పుట్టింది, శాస్త్రజ్ఞులు ఒకరి కాగితాలు ఒకరు చూసుకోవడానికి. వీటిలో ఏదీ ప్రోటాన్ లోపలికి తొంగిచూసినవాళ్లు మొదట అడిగింది కాదు. వాళ్లు అడిగిన ప్రశ్న ఒక్కటే: అందులో ఏముంది?

ఈ చదువు కోసం అందరూ విమానం ఎక్కనక్కర్లేదు కూడా. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ, సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న ఐ.ఐ.టి.లోనూ కణ భౌతికశాస్త్రంలో పరిశోధనలు జరుగుతున్నాయి. మన బస్సు దారిలోనే ఉన్నాయి.

మా ఆడబిడ్డ చివరికి ఒప్పుకుంది. సంబరంగా కాదు, లెక్కలేసుకుని. “రెండేండ్లు సదువనీయ్. తర్వాత బి.ఇడి. గూడ చేస్తనని మాటియ్యాలె” అంది. పిల్ల మాటిచ్చింది. రెండేళ్ల తర్వాత ఏం జరుగుతుందో నాకూ తెలియదు. టీచరైనా మంచిదే. లడ్డూ చూపించి ప్రోటాన్ పాఠం చెప్పే టీచరు ఒకరు మన జిల్లాకు దొరుకుతారు.

మన ఇళ్లలో ఆడపిల్ల ఏదైనా చదువుతానంటే ముందు వచ్చే ప్రశ్న ‘ఏం లాభం?’ అడగొద్దని నేననను. డబ్బులు లెక్కబెట్టుకుని బతికేవాళ్లం, అడగాల్సిందే. కాకపోతే దానికన్నా ముందు, ‘అందులో ఏముంది బిడ్డా, నాక్కొంచెం చెప్పు’ అని అడిగి, పది నిమిషాలు కూచుని విందాం. లాభం సంగతి రెండో ప్రశ్నగా ఉండనిద్దాం.